లోపలి కుట్లు బయటికొస్తే

మోకాలి దగ్గర చిరిగిన జీన్స్ వేసుకున్న పిల్లని చూసి "ఏమ్మా, డబ్బులిచ్చి మరీ చింపించుకున్నావా?" అనని పెదనాన్న మా పాలకొల్లు చుట్టుపక్కల దొరకడు. పెళ్ళిళ్ళ సీజన్లో ఈ మాట వింటూనే ఉంటాను, ఆ పిల్లలు కూడా "మీకు తెలీదులెండి పెదనాన్నా, ఇది ఫ్యాషన్" అని ఒకటే సమాధానం చెప్తారు. నాకు ఇద్దరి మీదా చిరాకే. చిరిగిన బట్టకి ఫ్యాషన్లో నలభయ్యేళ్ళ పైబడిన చరిత్ర ఉందని పెదనాన్నగారికి తెలీదు, సరే, ఆయనకి తెలియక్కర్లేదు. వేసుకున్నవాళ్ళకీ తెలీకపోతే ఎలా? ఇంకా చెప్పాలంటే ఆ చరిత్రకీ ఈ చిరుగుకీ అసలు చుట్టరికమే లేదని నా వాదన, దాని గురించే ఈ పోస్టు. పొడుగ్గా ఉంటుంది, తీరిక ఉన్నప్పుడే చదవండి.

నేను జాకెట్లు కుట్టేదాన్ని. షాపు బోర్డు మీద బొటిక్ అని రాయించాం, అలా రాయించకపోతే కాలేజీ పిల్లలు గడప తొక్కరు, కానీ వచ్చే పనిలో సగానికి పైగా ఆల్టరేషన్లే. చెల్లెలి పెళ్ళికి కుట్టించుకున్న జాకెట్టు మరదలి పెళ్ళికి పట్టట్లేదని తెస్తారు. అమ్మ పట్టుచీర కూతురికి లంగా చెయ్యమంటారు, ఆ లంగా కొన్నేళ్ళకి ఇంకెవరి పాపకో గౌనవుతుంది. చేతులు పొట్టివి చెయ్యమంటారు, చేశాక పొడుగ్గా ఉంటేనే బావుండేదండీ అంటారు. అందుకని నా చేతిలో కత్తెర కంటే బ్లేడు ఎక్కువసేపు ఉంటుంది. కుట్టడం కంటే విప్పడమే ఎక్కువ చేస్తాను కాబట్టి ఈ విషయం మీద నోరు విప్పే అర్హత కొంచెం ఉందనుకుంటున్నాను.

కొత్త జాకెట్టు కుట్టాలంటే మేం ముందు అడిగేది ఆది జాకెట్టు. టేపుతో కొలతలు తీసుకున్నా సరే, ఆది జాకెట్టు చేతికొస్తేనే నాకు ధైర్యం. తీసుకోగానే చేసే మొదటి పని దాన్ని తిరగెయ్యడం. బయటివైపు చూస్తే రంగు తెలుస్తుంది, మెడ డిజైను తెలుస్తుంది, అంతే. లోపలివైపు చూస్తే మనిషి తెలుస్తుంది. పక్క కుట్టు ఒకసారి విప్పి వదులు చేసిన పాత సూది గుర్తులు ఉంటాయి, అంటే ఆవిడ ఈ మధ్య ఒళ్ళు చేసింది. కుడి చంక దగ్గర లైనింగు ఎడమ కంటే ఎక్కువ నలిగి ఉంటుంది, అంటే ఆ చేత్తో ఎక్కువ పని చేస్తుంది. హుక్కుల పట్టీ సాగదీసినట్టు ఉందంటే తప్పు ఆవిడ ఒంటిది కాదు, ముందు భాగానికి గుడ్డ తక్కువ పెట్టిన దర్జీది. లోపల ఎంత గుడ్డ వదిలారో చూస్తే కుట్టినవాళ్ళు ముందుచూపు ఉన్నవాళ్ళా, ఇవాళ్టికి గడిస్తే చాలనుకునేవాళ్ళా అన్నది కూడా చెప్పెయ్యొచ్చు. ఒక్క మాట కూడా అడక్కుండా ఇన్ని సంగతులు తెలుస్తాయి.

ప్యారిస్ ర్యాంపుల మీద డీకన్‌స్ట్రక్షన్ అనే పెద్ద పేరుతో నడిచింది కూడా ఈ తిరగేసి చూడటమే. దాచే కుట్టుని పైకి తిప్పడం, లైనింగు పీకేసి వెనకాల ఏముందో చూపించడం, అంచు మడవకుండా వదిలెయ్యడం, ఒక బట్టని విప్పి ఆ ముక్కలతో ఇంకోటి చెయ్యడం. పేరు మాత్రం కుట్టేవాళ్ళు పెట్టుకున్నది కాదు. ఫ్రెంచి తత్వవేత్త జాక్ డెరిడా 1967లో రాసిన పుస్తకాల నుంచి ఆ మాట సాహిత్య విమర్శలోకి, అక్కణ్ణించి ఆర్కిటెక్చర్‌లోకి పాకింది. 1988లో న్యూయార్క్ మ్యూజియమ్ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ అలాంటి భవనాల మీద ఒక ఎగ్జిబిషన్ కూడా పెట్టింది. దాదాపు ఆ రోజుల్లోనే ఫ్యాషన్ రాతగాళ్ళు దాన్ని తెచ్చి బట్టలకి తగిలించారు. ఆ పేరు బట్టలకి సరిపోతుందా లేదా అన్నది ప్రొఫెసర్లు తేల్చుకుంటారు.

అసలు గొడవ అంతకుముందే మొదలైంది. 1981లో రేయ్ కవాకుబో, యోజీ యమామోటో అనే ఇద్దరు డిజైనర్లు జపాన్ నుంచి ప్యారిస్‌కి బట్టలు తెచ్చారు. నడుము బిగించి, భుజాలకి ప్యాడ్లు పెట్టి మెరిసిపోతున్న ఊళ్ళోకి ఇవి నల్లగా, వదులుగా, ఎగుడుదిగుడుగా దిగాయి. 1982లో కవాకుబో సంస్థ కామ్ దే గార్సోఁ చూపించిన నల్ల స్వెట్టరు నిండా బొక్కలే. హిరోషిమా పేరు పెట్టి మరీ వెటకారం చేశారు, అంత మోటుతనం. నాకు ముఖ్యమనిపించింది ఆ వెటకారం కాదు, ఆ బొక్కలు ఎలా వచ్చాయన్నది. కత్తెరతో చేసినవి కావు. అల్లిక మిషన్లో స్క్రూలు వదులు చేయించి, మిషనే అక్కడక్కడా అల్లిక జారవిడిచేలా చేశారు. మిషన్ మరీ తప్పుల్లేకుండా అల్లేస్తోంది, అది కవాకుబోకి నచ్చలేదు. వాటిని చిరుగులంటే కూడా ఒప్పుకోలేదు, ఇదీ ఒక రకం లేసే అంది. ఈ లేసు మాట కాస్త గుర్తుపెట్టుకోండి, నర్సాపురం వెళ్ళాక పనికొస్తుంది.

కోటు గురించి చెప్పాలి ఇక్కడ. 1996 నవంబరు తుఫాను తర్వాత కోనసీమకి లారీల్లో పాత బట్టలొచ్చాయి, వాటిలో మా పిన్నికి ఒక ఉన్ని కోటు దక్కింది. కొబ్బరిచెట్లు మొండేలై నిలబడ్డ ఊళ్ళో, చలికాలంలో కూడా చెమటలు పట్టే చోట, ఉన్ని కోటు! పంపిన మహానుభావుడెవరో గానీ. వేసుకోవడానికి పనికిరాదు, పారెయ్యడానికి మనసొప్పదు, దాంతో పిన్ని బ్లేడు తీసుకుని కుట్టు కుట్టూ విప్పేసింది. కాలరు లోపల బిరుసైన కాన్వాసు, దాని నిండా బయటికి కనపడని ఏటవాలు చేతికుట్లు. ఛాతీ దగ్గర గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన గుడ్డ. భుజాల్లో దూది మెత్తలు. "చూశావటే, మగాడి ఛాతీ అంతా లోపల కుక్కిందేనే" అని పడీ పడీ నవ్వింది. జాకెట్లు తప్ప ఇంకేమీ కుట్టి ఎరగని మనిషికి కాలరు మెడ మీద ఎలా నిలబడుతుందో ఆ ఒక్క కోటు నేర్పింది. ఆ గుడ్డతో తాతయ్యకి చెవుల టోపీ కుట్టింది, అది వేరే సంగతి.

మార్టిన్ మార్జీలా చేసిన పని గురించి చాలా రాతలు చదివాను గానీ పిన్ని మాట కంటే దగ్గరగా వచ్చింది ఒక్కటీ లేదు. ఆయన బెల్జియం డిజైనరు. ఆంట్వెర్ప్‌లో చదివి, ప్యారిస్‌లో జాఁ పాల్ గోతియే అనే డిజైనరు దగ్గర అసిస్టెంటుగా చేసి, 1988లో జెన్నీ మైరెన్స్ అనే ఆవిడతో కలిసి సొంత సంస్థ పెట్టాడు. అందరూ భుజాల్లో దూది కుక్కుతున్న కాలంలో ఇరుకు భుజాల కోట్లు తెచ్చాడు, లైనింగు తీసేశాడు, టక్కులూ (ఒంటి ఒంపుకి తగ్గట్టు గుడ్డని మడిచి వేసే కుట్లు) మామూలు కుట్లూ పైకి తిప్పాడు. 1989లో ప్యారిస్ పేదల పేటలో ఒక ఖాళీ స్థలంలో షో పెడితే ఆ పేట పిల్లలంతా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. 1997లో ఇంకో అడుగు వేశాడు. దర్జీలు బట్ట తొడిగి చూసుకునే తలలేని బొమ్మ ఉంటుంది కదా, ఆ బొమ్మ ఒంటి మీది నారగుడ్డ తొడుగునే, దాని మీది అచ్చులూ నంబర్లతో సహా, మనుషులకి వేసుకునే బట్టగా చేశాడు. కుట్టుపని చేసేవాళ్ళకి ఇది పెద్ద జోకు. రెడీమేడ్ బట్టలన్నీ ముందు ఆ బొమ్మ కోసం కుట్టినవే, మనం తర్వాత వెళ్ళి అందులో దూరతాం.

వాటన్నిట్లోకీ నాకు ఇష్టమైంది సాక్సుల స్వెట్టరు. మిలిటరీ సాక్సులు విప్పి, కోసి, కలిపి కుట్టింది. అందులో తెలివి ఏమిటంటే, సాక్సుకి మడమ దగ్గర అల్లికలోనే ఒక ఉబ్బు ఉంటుంది, ఆ ఉబ్బులు సరిగ్గా మోచేతుల దగ్గరికీ రొమ్ముల దగ్గరికీ వచ్చేలా అమర్చాడు. టక్కు వెయ్యకుండానే టక్కు పని అయిపోయింది. రొమ్ము దగ్గర గిన్నెలా గుండ్రంగా వచ్చే కటోరీ జాకెట్టు కుట్టేటప్పుడు ఆ గుండ్రం కుదరక ఏడ్చినవాళ్ళెవరైనా సరే అది చూస్తే చేతులెత్తి దణ్ణం పెడతారు. సాక్సు కాలి కోసం ఎలా తయారైందో విప్పి చూసి అర్థం చేసుకుంటే తప్ప తట్టే ఊహ కాదది. 1994లో పిల్లలు ఆడుకునే బొమ్మల గౌన్లని 5.2 రెట్లు పెంచి మనిషి సైజులో చేశాడు, బొత్తాములూ జిప్పులూ అదే లెక్కన పెరిగి బండగా, వింతగా కనిపించాయి. చిన్న బట్టలో మన కంటికి ఆనని మోసాలన్నీ పెద్ద బట్టలో దొరికిపోయాయన్నమాట.

ఇప్పుడు పెదనాన్నగారి జీన్స్ సంగతి చూద్దాం. ఆ చిరుగు ఏం చెప్తోంది? వేసుకున్న పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని నాట్లు వేసిందనా? వెయ్యలేదు. ఆ జీన్స్ ఎలా తయారైందో చెప్తోందా? అదీ లేదు, పైగా దాస్తోంది. ఫ్యాక్టరీలో బ్లేడుతోనో లేజరుతోనో పెట్టిన చిరుగది, ప్రతి జతకీ అదే చోట, అదే వెడల్పు, అడ్డంగా తెల్ల దారాలు అన్నే. గుడ్డ పాతబడ్డట్టు కనిపించడానికి ఇసకని గాలి ఒత్తిడితో దాని మీద కొట్టేవాళ్ళు. ఆ దుమ్ము పీల్చి టర్కీలో కార్మికులు సిలికోసిస్‌తో చచ్చిపోయారు, 2009లో అక్కడి ప్రభుత్వం ఆ పద్ధతినే నిషేధించాల్సి వచ్చింది. బట్ట వాడకుండానే వాడినట్టు నటించడానికి ఇంకొకడి ఊపిరితిత్తులు పోయాయి, ఆ సంగతి మాత్రం ఏ చిరుగులోంచీ కనపడదు. దీన్ని తీసుకెళ్ళి మార్జీలా పక్కన కూర్చోబెడితే నేనొప్పుకోను.

"అంటే కుట్టు రానివాళ్ళు ఈ పని చెయ్యకూడదా పెద్దమ్మా?" అని ఫ్యాషన్ కోర్సు చదువుతున్న మా చెల్లెలి కూతురు నన్ను నిలదీసింది. దాని వాదనలో పస ఉంది. కవాకుబో కుట్టుపని చదువుకున్న మనిషి కాదు. ఒకసారి నలిపిన కాగితం ఉండ ప్యాటర్న్ (గుడ్డ కొయ్యడానికి నమూనా) తీసేవాళ్ళ చేతిలో పెట్టి, ఇలాంటి గుణం ఉన్న బట్ట కావాలి అందట. 1970ల్లో లండన్ కింగ్స్ రోడ్డులో చొక్కాలకి పిన్నీసులు గుచ్చి అమ్మిన వివియన్ వెస్ట్‌వుడ్ అంతకుముందు స్కూలు టీచరు. ఆ పంక్ పిల్లల చొక్కాల్లో పనితనం వెతికితే దొరకదు, కోపం మాత్రం నిజమైనదే, అది దాచకుండా పైకి కనిపిస్తుంది. కాబట్టి నేనడిగేది డిప్లొమా కాదు. ఆ బట్ట ఏదైనా బయటపెడుతోందా, లేక ఇంకో అబద్ధం కప్పుతోందా అన్నదొక్కటే చూస్తాను. ఈ లెక్కన ఇంట్లో కత్తెరతో నాన్న టీషర్టు మెడ కోసేసుకున్న పిల్ల పాసు. మాల్‌లో వేలు పోసి చిరుగు కొనుక్కున్న పిల్ల ఫెయిలు. చెల్లెలి కూతురు దీనికి కూడా పూర్తిగా ఒప్పుకోలేదు, నా లెక్క మరీ మాస్టారి లెక్కలా ఉందంది.

ఇన్‌స్టాలో చూసి స్క్రీన్‌షాట్ పట్టుకొచ్చేవాళ్ళ గురించి చెప్పకపోతే ఈ పోస్టు పూర్తికాదు. అలా ఒక పిల్ల వాళ్ళమ్మతో వచ్చింది. అంచులు మడవకూడదు, కుట్లు పైకి కనిపించాలి, దారాలు కొంచెం వేలాడాలి, ఫేర్‌వెల్ పార్టీకి. ఆయ్, అలాగే కుట్టేద్దామండి అన్నాను. వెంటనే వాళ్ళమ్మ, "మడతపని లేదు కదమ్మా, మరి కుట్టుకూలి తగ్గించవూ?" అంది. ఇది విన్నప్పుడు నాకు వచ్చే నవ్వు మామూలు నవ్వు కాదు. మడవని అంచుని మడవనట్టే ఉంచడం మడవడం కంటే కష్టం. నిలువుపోగు వెంబడి కోసి వదిలేస్తే మూడు ఉతుకులకి వేలెడు గుడ్డ రాలిపోతుంది. అందుకని ఆ అంచుని క్రాసులో, అంటే పోగులకి ఏటవాలుగా, కొయ్యాలి, అప్పుడు దారాలు అంత తొందరగా ఊడవు, క్రాసుకి గుడ్డ ఎక్కువ పడుతుంది. ఎంతవరకు దారాలు ఊడాలో అక్కడ పైకి కనపడనంత సన్నగా ఒక కుట్టు పరిగెత్తించాలి. ఇక కుట్లు పైకి తిప్పామంటే దారం రంగు దగ్గర్నుంచి ప్రతీదీ కనిపిస్తుంది, లోపల ఉన్నప్పుడు ఓవర్‌లాక్ కొట్టేసి వదిలేసే గజిబిజి పని బయట పెట్టలేం కదా. అదంతా పట్టీ వేసి మూసుకురావాలి. అజాగ్రత్తగా కనపడటానికి ఎంత జాగ్రత్త కావాలో చెప్తే ఆవిడ నమ్మలేదు. పాత రేటుకే కుట్టించుకుని వెళ్ళింది.

చిరుగు దాచుకోవడం కూడా గొప్ప విద్యే, దాన్ని చిన్నచూపు చూడకూడదు. వెనకటి గుమాస్తాల చొక్కాలకి మెడ దగ్గర కాలరు అరిగితే దర్జీ ఆ కాలరు విప్పి, తిరగేసి, అరిగినవైపు లోపలికి పెట్టి మళ్ళీ కుట్టేవాడు. చొక్కాకి ఇంకో రెండేళ్ళ ఆయుష్షు. పూర్తి డీకన్‌స్ట్రక్షన్ ఇది, కాకపోతే ఎవరికీ తెలియకూడదన్నదే అందులో షరతు. రఫ్ చేసేవాడి, అంటే చిరుగుని దారంతో నేసినట్టు పూడ్చేవాడి, గొప్పతనం చెయ్యి పెట్టిన చోటు దొరక్కపోవడంలో ఉంది. మాసిక వేసిన చోటు పక్కవాడికి కనపడితే ఆ ఇంటి పరువు పోయినట్టు. ఇంకా కిందికెళ్తే అదీ లేదు. కామందు ఇంట్లో ఇచ్చిన పాత చీర కట్టుకుని పాలేరు భార్య వీధిలోకొస్తే అది ఎవరింటి చీరో ఊరందరికీ తెలుసు, ఆ చీర చరిత్ర అంతా ఆవిడ ఒంటి మీద అందరూ చదివేవాళ్ళు. బట్టకి ఒక గతం ఉండటం ఎంత అందమో అని రాసే ఫ్యాషన్ రాతలు చదివినప్పుడల్లా ఆ చీర నాకు అడ్డొస్తుంది. ఎవరి గతం, ఎవరి ఒంటి మీద?

అందుకే 2000లో జాన్ గలియానో అనే డిజైనరు ప్యారిస్ వీధుల్లో పడుకునేవాళ్ళని చూసి డియోర్ కంపెనీకి ఆ వేషంలో లక్షల ఖరీదు గౌన్లు చేస్తే జనం వీధిలోకొచ్చి గొడవ చేశారు, చెయ్యాల్సిందే. 2022లో బాలెన్సియాగా అనే ఫ్యాషన్ కంపెనీ చిరిగి మట్టికొట్టుకున్నట్టున్న బూట్లని 1850 డాలర్లకి అమ్మింది. ఆ చిరుగులు చూసి బూటు ఎలా తయారవుతుందో తెలుసుకునేదేమీ లేదు, మట్టి కూడా నకిలీదే. ఇక్కడ మా ఊళ్ళో పాత బట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడ ఆ జత చూస్తే ఒక గరిటె కూడా ఇవ్వదు.

ఇంకో చిక్కు ఉంది. కోటు విప్పితే గుర్రపు వెంట్రుకలు బయటపడ్డాయి సరే, చీర విప్పితే ఏం బయటపడుతుంది? ఆరు గజాల గుడ్డ. అందులో దాచిన కుట్టు లేదు, కుక్కిన దూది లేదు. జపాన్ వాళ్ళ కిమోనో కూడా కొంచెం ఇటువైపుదే, అంతా తిన్నని ముక్కలు, తిన్నని కుట్లు, వెనకటి రోజుల్లో దాన్ని ఉతకాలంటే కుట్లన్నీ విప్పి, ముక్కలుగా ఉతికి, మళ్ళీ కుట్టుకునేవాళ్ళు. కుట్లు విప్పడం చాకిరేవు పనిలో భాగమైన చోట పుట్టినవాళ్ళు ప్యారిస్ వెళ్ళి కోటుల్ని బెదరగొట్టారంటే నాకు ఆశ్చర్యం లేదు. మన డిజైనర్లు మాత్రం అది అక్కణ్ణించి నేర్చుకుని తెచ్చి చీర మీద ప్రయోగిస్తున్నారు. ఉప్పాడ జామ్దానీ చీర కోసి, సగం కోటుకీ సగం ప్యాంటుకీ అతికించి డీకన్‌స్ట్రక్టెడ్ చీర అంటున్నారు. ఉప్పాడలో చీర చూపించేవాళ్ళు ఏం చేస్తారో చూశారా, ముందు తిరగేసి చూపిస్తారు. పువ్వు పువ్వుకీ విడిగా దారం చేత్తో పెట్టి నేస్తారు కాబట్టి వెనకాల వేలాడే పోగులుండవు, అటూ ఇటూ దాదాపు ఒకేలా ఉంటుంది. దాపరికమే లేని గుడ్డ అది. దాన్ని కోసి నువ్వు ఏం బయటపెట్టావు నాయనా? పాత చీర చిరిగిపోతే కోసి ఇంకేదైనా చెయ్యడం వేరు, అది మేం రోజూ చేస్తాం. మగ్గం మీంచి దిగిన చీరని కొయ్యడానికి పెద్ద పేరు అడ్డం పెట్టుకోవద్దంటున్నాను.

సరే, నర్సాపురం. మా ఊరి నుంచి బస్సెక్కితే ఎంతో సేపు పట్టదు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడి చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ ఆడవాళ్ళ చేతుల్లో ఉంది, 2024లో దానికి జీఐ గుర్తింపు (ఇది ఫలానా ప్రాంతపు సరుకు అనే అధికారిక ముద్ర) కూడా వచ్చింది. సన్నటి నూలుదారం, కొక్కెం సూది, అంతే సరంజామా. లేసంటే ఏముంది, బొక్కలే కదా, కాకపోతే ప్రతి బొక్కా లెక్క ప్రకారం చేత్తో పుట్టించింది. 1982లో కవాకుబో బొక్కల స్వెట్టరుని లేసు అన్నదని చెప్పాను. అదే 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నర్సాపురం లేసు ఆడవాళ్ళ మీద చేసిన పరిశోధన పుస్తకంగా వచ్చింది. ఆవిడ తేల్చిన విషయం మా వైపు ఎవరికీ కొత్త కాదు, కానీ అంత సూటిగా ఎవరూ చెప్పలేదు. గంటల తరబడి అల్లే ఆ ఆడవాళ్ళని ఎవరూ పనిమనుషులుగా లెక్కెయ్యలేదు, గృహిణులు, తీరిక వేళల్లో కాలక్షేపానికి అల్లుకుంటున్నారు అన్నారు. పనే కాదన్నప్పుడు కూలి ఎందుకు పెంచుతారు? లేసు మాత్రం సముద్రాలు దాటి వెళ్ళింది, డబ్బు ఎగుమతిదారుల దగ్గర ఆగింది.

ఒకే ఏడాది ఒక చోట బొక్కకి కళ అని పేరొచ్చింది, ఇంకో చోట ఆ బొక్కలు అల్లిన చేతికి పని అనే పేరు కూడా లేదు. నాకు డీకన్‌స్ట్రక్షన్ మీద ఉన్న ఫిర్యాదంతా ఇదే, మార్జీలాని ఎంత ఇష్టపడినా సరే. కుట్టు బయటపెట్టారు, టక్కు బయటపెట్టారు, లైనింగు బయటపెట్టారు, కుట్టినవాళ్ళని మాత్రం లోపలే ఉంచేశారు.

మార్జీలా లేబుల్ తెలుసు కదా, పేరు లేని తెల్ల గుడ్డముక్క, నాలుగు మూలలా నాలుగు తెల్ల కుట్లు. బట్ట మీద బ్రాండు పేరు ఉండకూడదు, కావాలంటే సులభంగా పీకెయ్యొచ్చు అన్నది ఉద్దేశం. ఆ నాలుగు కుట్లు వీపు మీద బయటికి కనిపిస్తాయి, చివరికి అవే అన్నిటికంటే పెద్ద బ్రాండు గుర్తయి కూర్చున్నాయి. ఎవరూ పీకరు, పీకితే ఏ కంపెనీదో ఎలా తెలుస్తుంది? ఆయన ఫొటోలు దిగేవాడు కాదు, ఎదురుపడి ఇంటర్వ్యూలు ఇచ్చేవాడు కాదు, అడిగినవాళ్ళకి "మేము" అని సంస్థ తరఫున జవాబు వెళ్ళేది, అక్కడి వాళ్ళంతా ఒకేలాంటి తెల్లకోట్లు వేసుకునేవాళ్ళు. నాకు ఆ పద్ధతి మీద గౌరవం ఉంది. అయినా ఒకటి చెప్పాలి, ముందు పేరు దొరికే అవకాశం ఉన్నవాడే పేరు వద్దనగలడు. లేసు అల్లే ఆవిడ పేరు వద్దని ఎప్పుడూ అనలేదు, ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. నా జాకెట్ల మీద కూడా షాపు లేబుల్ ఉంటుంది, దాని మీద మా పాప పేరు ఉంటుంది, హెమ్మింగ్ చేసి హుక్కులు కుట్టే ఇద్దరు అమ్మాయిల పేర్లు ఉండవు. ఈ పోస్టు మొదలుపెట్టాక ఆ విషయం నన్ను గుచ్చుతూనే ఉంది. లేబుల్ మీద పేరు వేస్తే వాళ్ళకి ఒరిగేదేమిటని అడిగితే వాళ్ళలో ఒకమ్మాయి, "పేరొద్దులే అక్కా, హుక్కుకి ఇంకో రూపాయి వెయ్యి" అంది.

కాబట్టి రేటు గురించే మాట్లాడతాను. కొత్త జాకెట్టుకి ఎంతడిగినా బేరమాడి ఇస్తారు, ఆల్టరేషన్ అనగానే "ఏముంది, రెండు కుట్లే కదా" అంటారు. రెండు కుట్లు వెయ్యడానికి ముందు పాతవి ఎన్ని విప్పాలి, గుడ్డ చిరక్కుండా, జరీ లాగెయ్యకుండా, పాత సూది గుర్తులు కనపడకుండా ఇస్త్రీ చేసి, ఇంకొకళ్ళు చేసిన తప్పేమిటో కనిపెట్టి? కొత్తది కుట్టేటప్పుడు నా బుర్ర ఒక్కటే పనిచేస్తే చాలు, విప్పేటప్పుడు ఆ ముందు దర్జీ బుర్ర కూడా నేనే మొయ్యాలి. విప్పి కుట్టడం కొత్తగా కుట్టడం కంటే పెద్ద పని, దానికి కొత్త జాకెట్టుతో సమానంగానైనా తీసుకోవాలి. ఈ దసరా నుంచి తీసుకుంటున్నాను, అందులో సగం విప్పే అమ్మాయికి వెళ్తుంది. ఇద్దరు ముగ్గురు పాత కస్టమర్లు మొహం మాడ్చుకుని పక్క వీధిలో షాపుకి వెళ్ళారు. అక్కడ లైనింగు విప్పకుండా పై నుంచే కుట్టేసి ఇస్తున్నారు, తక్కువకే.